స్కిజోఫ్రెనియా: వంశంలో ఉన్నంత మాత్రాన జబ్బు ముదిరిపోతుందా?

క్లుప్తంగా: రక్తసంబంధీకుల్లో ఎవరికైనా స్కిజోఫ్రెనియా (చెవిలో లేని మాటలు వినిపించడం, ఆధారం లేని అనుమానాలు, చొరవ తగ్గిపోవడం లాంటి లక్షణాలున్న మానసిక జబ్బు) ఉంటే మిగతావాళ్లకి అది వచ్చే అవకాశం పెరుగుతుంది, ఇందులో సందేహం లేదు. కానీ వచ్చాక జబ్బు ఎలా నడుస్తుంది, మనిషి ఎంతవరకు కోలుకుంటాడు అన్న విషయంలో కుటుంబ చరిత్ర చెప్పగలిగేది చాలా తక్కువ. వైద్యం ఎన్నాళ్లకి మొదలైంది, మాత్రలు మధ్యలో ఆగాయా, ఇంట్లో మాట తీరు ఎలా ఉంది, గంజాయి అలవాటు ఉందా అన్నవే అంతకంటే ఎక్కువ తేలుస్తాయి.

## రెండు ప్రశ్నలు, ఒకే భయం

విశాఖపట్నం చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచే కాదు, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి కూడా రోగులొస్తారు. తోడొచ్చినవాళ్ల చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు ఉంటుంది. అందులో పాత చీటీలు, ఎప్పుడో తీయించిన స్కానింగ్ రిపోర్టు, సగం వాడి వదిలేసిన మాత్రల షీట్లు. జబ్బు పేరు చెప్పగానే చాలామంది నోటి నుంచి వచ్చేది మందుల మాట కాదు. "వాళ్ల మేనమామకీ ఇలాగే వచ్చిందండి, ఆయన మళ్లీ మనిషి కాలేదు. మావోడూ అంతేనేటి?" అంటారు.

ఈ ఒక్క మాటలో రెండు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోయాయి. ఒకటి, వంశంలో ఉంటే వస్తుందా అన్నది. రెండోది, వచ్చాక మేనమామ దారినే పోతుందా అన్నది. మొదటిదానికి వైద్యశాస్త్రం దగ్గర గట్టి లెక్కలున్నాయి. రెండోదానికి వచ్చే జవాబు చాలా ఇళ్లలో అనుకునేదానికి దాదాపు వ్యతిరేకంగా ఉంటుంది, అయినా మొదటి ప్రశ్న జవాబుని తీసుకెళ్లి రెండోదానికి అంటించేసి, ఇరవై రెండేళ్ల కుర్రాడి మీద ఆశ వదిలేసుకునే ఇళ్లు తక్కువేం కాదు.

## వచ్చే అవకాశం ఎంత?

మామూలు జనాభాలో జీవితకాలంలో స్కిజోఫ్రెనియా వచ్చే అవకాశం సుమారు 1 శాతం. యూరప్‌లో 1920 నుంచి 1987 దాకా జరిగిన కుటుంబ, కవల అధ్యయనాలన్నీ కలిపి అమెరికన్ సైకాలజిస్టు ఇర్వింగ్ గాటెస్‌మన్ 1991లో ఒక లెక్క కట్టాడు. పాఠ్యపుస్తకాల్లో ఇప్పటికీ ఎక్కువగా కనిపించేది అదే. దాని ప్రకారం మేనమామకో, బాబాయికో, పిన్నికో ఉంటే 4 శాతం, తోబుట్టువుకి ఉంటే 9 శాతం, అమ్మా నాన్నల్లో ఒకరికి ఉంటే 13 శాతం, ఇద్దరికీ ఉంటే 46 శాతం, ఒకే పోలిక కవలల్లో ఒకరికి ఉంటే రెండోవాళ్లకి 48 శాతం. డెన్మార్క్ జాతీయ రికార్డుల మీద 2018లో వచ్చిన కవలల అధ్యయనంలో ఈ చివరి అంకె 33 శాతం దగ్గరే తేలింది.

ఈ అంకెల్ని రెండు వైపుల నుంచీ చూడాలి. తండ్రికి జబ్బుంటే పిల్లలకి ముప్పు పదమూడు రెట్లు అని వింటే గుండె జారిపోతుంది. కానీ అలాంటి పిల్లలు వందమందిలో 87 మందికి అది రాదు. మేనమామకి ఉన్న మేనల్లుళ్లలో 96 మందికి రాదు. జన్యువులన్నీ ఒకటే అయిన కవలల్లో కూడా సగానికి పైగా రెండో మనిషి దానికి చిక్కడం లేదు.

వయసు లెక్క కూడా ఉంది. మగవాళ్లలో ఎక్కువగా టీనేజీ చివర్లో, ఇరవైల మొదట్లో మొదలవుతుంది, ఆడవాళ్లలో కొన్నేళ్లు ఆలస్యంగా. ఆడవాళ్లలో నలభై దాటాక ఇంకో చిన్న పెరుగుదల కనిపిస్తుంది. అందుకే అన్నకి జబ్బున్న 38 ఏళ్ల తమ్ముడికి, 16 ఏళ్ల తమ్ముడికి ముప్పు ఒకటి కాదు. పెద్దవాడు ముప్పు వయసు చాలావరకు దాటేశాడు. ఈ విషయం తెలియక మధ్యవయసులో ఉన్న తోబుట్టువులు ఏళ్ల తరబడి టెన్షన్ పడుతుంటారు.

ఇంకోవైపు, "మా వంశంలోనే లేదు, అందుకని ఇది ఆ జబ్బు కాదు" అనే వాదన కూడా నిలబడదు. స్కిజోఫ్రెనియా ఉన్నవాళ్లలో సుమారు మూడింట రెండు వంతుల మందికి దగ్గరి బంధువుల్లో ఎవరికీ అది ఉండదు. పైగా లేదనుకున్న చోట దాచిన చరిత్ర ఉండొచ్చు: పాతికేళ్లప్పుడు ఇల్లొదిలి "సన్నాసుల్లో కలిసిపోయిన" పెదతాత, "చిల్లంగి పెట్టారు" అని చెప్పుకుని చివరిదాకా పెరటి గదిలోనే ఉంచేసిన మేనత్త. ఇలాంటివాళ్లు డాక్టరు రాసుకునే కుటుంబ చరిత్రలోకి రారు.

## జన్యువులు చేసేది, చేయనిది

1940ల చివర్లో అమెరికాలో కొందరు సైకియాట్రిస్టులు ఈ జబ్బుకి తల్లి పెంపకమే కారణమని రాశారు. ఒక తరం తల్లులు ఆ నిందని మోశారు. దాన్ని గట్టిగా దెబ్బకొట్టిన పరిశోధనల్లో లెనర్డ్ హెస్టన్ 1966లో ప్రచురించినది ముఖ్యమైనది. ఆరిగాన్ రాష్ట్రంలోని ఆసుపత్రుల్లో స్కిజోఫ్రెనియాతో ఉన్న తల్లులకి పుట్టి, పుట్టిన కొద్ది రోజులకే వేరైపోయి బయట పెరిగిన 47 మంది పిల్లల్ని ఆయన పెద్దయ్యాక వెతికి పరీక్షించాడు. అయిదుగురికి జబ్బు వచ్చింది. జబ్బు లేని తల్లులకి పుట్టి అలాగే బయట పెరిగిన 50 మందిలో ఒక్కరికీ రాలేదు. పెంచిన చేతులు వేరైనా వారసత్వం వెంట వచ్చిందన్నమాట.

తర్వాత ఫిన్లాండ్‌లో పెక్కా టియెనారి బృందం ఇంకో మెట్టు ఎక్కింది. దత్తత వెళ్లిన పిల్లల్ని జన్మనిచ్చిన తల్లి జబ్బుని బట్టే కాక పెంచిన ఇంటి వాతావరణాన్ని బట్టి కూడా విడదీసి చూశారు. జన్యుపరంగా ముప్పు ఉన్న పిల్లల్లో, గొడవలతో సతమతమయ్యే ఇంట్లో పెరిగినవాళ్లకి ఈ కోవ జబ్బులు ఎక్కువగా వచ్చాయి, ప్రశాంతమైన ఇళ్లలో పెరిగినవాళ్లకి చాలా తక్కువ. ముప్పు లేని పిల్లల్లో మాత్రం ఇల్లు ఎలా ఉన్నా పెద్ద తేడా రాలేదు. అంటే వారసత్వంగా దిగేది జబ్బు కాదు, జబ్బుకి దారితీసే పరిస్థితులు తగిలినప్పుడు తట్టుకోలేని ఒక సున్నితత్వం.

ఆ సున్నితత్వం ఒకే జన్యువులో లేదు. 76 వేలకి పైగా రోగుల డీఎన్‌ఏని పోల్చిన అంతర్జాతీయ అధ్యయనం 2022లో జన్యురాశిలో 287 చోట్ల తేడాల్ని గుర్తించింది. ఒక్కోదాని ప్రభావం బహు స్వల్పం. వీటిలో కొన్ని అందరిలోనూ ఉంటాయి. అందుకే రక్తపరీక్ష చేసి "వస్తుంది", "రాదు" అని చెప్పే పరీక్ష లేదు, అలా చెబుతామని ఎవరైనా డబ్బులు అడిగితే నమ్మకూడదు. మినహాయింపుగా 22వ క్రోమోజోమ్‌లో ఒక చిన్న ముక్క లోపించిన అరుదైన స్థితి ఉంది. అలాంటివాళ్లలో నాలుగో వంతు మందికి ఈ తరహా జబ్బు వస్తుంది, కానీ వాళ్లలో చాలామందికి గుండెలో పుట్టుకతో లోపం, అంగిలి సమస్యల్లాంటివి చిన్నప్పుడే కనిపిస్తాయి.

మేనరికం సంగతి మన దగ్గర తప్పకుండా వస్తుంది. తలసీమియా లాంటి జబ్బుల్లో తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చెడ్డ జన్యువు కలిస్తేనే బిడ్డకి జబ్బు, కాబట్టి దగ్గరి సంబంధాల్లో ముప్పు సూటిగా పెరుగుతుంది. స్కిజోఫ్రెనియా అలా నడిచేది కాదు. అయినా ఈజిప్టులో జరిగిన పరిశోధనల్లో రోగుల తల్లిదండ్రుల్లో రక్తసంబంధ పెళ్లిళ్లు ఎక్కువగానే కనిపించాయి. కాబట్టి జబ్బున్న కుటుంబంలోనే మళ్లీ మేనరికం కలుపుకోవడమంటే రెండు వైపుల సున్నితత్వాన్నీ ఒకే బిడ్డ మీదికి తేవడమే. ఆ పెళ్లి చేసుకోవాలా వద్దా అన్నది వాళ్ల ఇష్టం, తెలిసి తీసుకునే నిర్ణయమైతే చాలు.

## వచ్చాక నడక ఎలా ఉంటుంది?

ఇక అసలు చిక్కు ఇక్కడే. పందొమ్మిదో శతాబ్దం చివర్లో జర్మన్ డాక్టరు ఎమిల్ క్రెపెలిన్ ఈ జబ్బుని వివరించినప్పుడు ఇది దిగజారుతూ పోయేదేనని భావించాడు. ఆయన చూసిందంతా ఆసుపత్రుల్లో ఉండిపోయినవాళ్లనే. బాగుపడి ఇంటికెళ్లినవాళ్లు ఏమయ్యారో తెలియాలంటే దశాబ్దాల పాటు వెంట పడాలి. అమెరికాలోని వెర్మాంట్‌లో అలా చేశారు. 1950లలో పెద్దాసుపత్రి వెనక వార్డుల నుంచి బయటికి పంపిన 269 మంది దీర్ఘకాల రోగుల్ని సగటున 32 ఏళ్ల తర్వాత వెతికి పట్టుకుంటే, సగం నుంచి మూడింట రెండు వంతుల మంది బాగా మెరుగుపడో, కోలుకునో కనిపించారు. 1987లో వచ్చిన ఆ ఫలితాలు చాలామంది నమ్మకాల్ని కదిలించాయి. మనకి దగ్గర్లో చెన్నైలో 1980ల మొదట్లో తొలిసారి జబ్బుపడిన 90 మందితో మొదలై రెండు దశాబ్దాలు దాటి సాగిన డాక్టర్ ఆర్. తారా బృందం అధ్యయనంలోనూ ఎక్కువమందికి జబ్బు తగ్గుతూ, అప్పుడప్పుడు తిరగబెడుతూ నడిచింది. ఎప్పుడూ తగ్గకుండా అలాగే ఉండిపోయినవాళ్లు కొద్దిమందే.

ఈ తేడాల్లో కుటుంబ చరిత్ర వాటా ఎంత? చాలా అధ్యయనాల్ని కలిపి 2010లో చేసిన విశ్లేషణలో, వంశంలో ఉన్నవాళ్లకి జబ్బు కాస్త ముందు వయసులో మొదలవుతుందని, ఉత్సాహం, చొరవ, మాట తగ్గిపోయే లక్షణాలు కాస్త ఎక్కువని తేలింది. ఫిన్లాండ్ పరిశోధకులు 2014లో చేసిన ఇంకో విశ్లేషణలో ఉద్యోగం, మొత్తం మీద కోలుకోవడం లాంటి వాటిలో ఫలితాలు కొంచెం తక్కువగా కనిపించాయి. ఈ "కాస్త", "కొంచెం" అన్న మాటలే ఇక్కడ ముఖ్యం. వేలమందిని కలిపి చూస్తే గణితంలో దొరికేంత తేడా అది, ఎదురుగా కూర్చున్న ఒక మనిషి భవిష్యత్తు చెప్పేంత కాదు.

చొరవ తగ్గే లక్షణాల గురించి ఒక మాట. చెవిలో మాటలు వినిపించడం, ఎవరో విషం పెడుతున్నారని అనుమానపడటం లాంటివి ఇంట్లోవాళ్లకి వెంటనే కనిపిస్తాయి, మందులకీ లొంగుతాయి. మనిషి స్నానానికి లేవకపోవడం, పళ్లెం ముందు పెట్టినా పలకకపోవడం, రోజంతా గోడవైపు తిరిగి పడుకోవడం జబ్బులాగా కనిపించవు, బద్ధకంలాగా కనిపిస్తాయి. మందులు వీటి మీద అంతగా పనిచేయవు. రోజువారీ జీవితాన్ని ఎక్కువగా దెబ్బతీసేవి మాత్రం ఇవే. "వాళ్ల మేనమామలాగే సోమరి" అని ఇంట్లో తిట్టేది చాలాసార్లు ఈ లక్షణాల్నే.

కుటుంబ చరిత్ర అంటే స్కిజోఫ్రెనియా ఒక్కటే కాదు కూడా. ఇంట్లో ఎవరికైనా బైపోలార్ (విపరీతమైన హుషారు, దిగులు మారిమారి వచ్చే జబ్బు), తీవ్రమైన డిప్రెషన్ లాంటి మూడ్ జబ్బులున్నప్పుడు రోగి కాస్త మెరుగ్గా కోలుకుంటాడని పాఠ్యపుస్తకాలు చాలాకాలంగా చెబుతున్నాయి. హఠాత్తుగా మొదలవడం, ఆలస్యంగా మొదలవడం, అంతకుముందు చదువూ స్నేహాలూ బాగుండటం కూడా మంచి సూచనలే.

జన్యువులు ఒకటైనా నడక ఒకటి కాదనడానికి వైద్య చరిత్రలో ప్రసిద్ధమైన ఉదాహరణ ఉంది. అమెరికాలో 1930లో ఒకే కాన్పులో నలుగురు ఆడపిల్లలు పుట్టారు, నలుగురూ ఒకే పోలిక. నలుగురికీ పాతికేళ్లు దాటకముందే స్కిజోఫ్రెనియా వచ్చింది. వాళ్ల గుర్తింపు దాచడానికి నోరా, ఐరిస్, మైరా, హెస్టర్ అని మారుపేర్లు పెట్టి డేవిడ్ రోసెంతాల్ 1963లో వాళ్ల వివరాలు ప్రచురించాడు. హెస్టర్‌కి జబ్బు ముందుగా వచ్చి తీవ్రంగా సాగింది, మైరా ఉద్యోగం చేసింది, పెళ్లి చేసుకుంది, పిల్లల్ని పెంచింది. జన్యువులూ ఒకటే, ఇల్లూ ఒకటే, నాలుగు జీవితాలు మాత్రం నాలుగు రకాలు.

## మేనమామ దారి ఎందుకు అలా అయింది?

ఇంట్లో కళ్లారా చూసిన ఉదాహరణ ముందు ఏ పరిశోధనా నిలబడదు. ఆ ఉదాహరణని కాస్త విప్పి చూడాలి. మేనమామ 1985లో జబ్బుపడ్డాడనుకుందాం. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం దేశంలో మొదలైందే 1996లో. మిగతా మందులకి లొంగని జబ్బుపై క్లోజపిన్ అనే మందు పనిచేస్తుందని నిరూపించిన ప్రయోగం వచ్చింది 1988లో. ఆయన్ని ముందు భూతవైద్యుడి దగ్గరికి తిప్పి, ఆ తర్వాతెప్పుడో ఆసుపత్రికి తెచ్చి, కాస్త కుదుటపడగానే మందులు ఆపేసి ఉంటారు. తండ్రికి షుగరు వచ్చి కాలు తీసేశారంటే కొడుక్కీ కాలు పోతుందని ఎవరూ అనరు, అప్పట్లో తండ్రి మందులు సరిగా వేసుకోలేదంటారు. స్కిజోఫ్రెనియా దగ్గరికి వచ్చేసరికి మాత్రం నెపం రక్తం మీదికి పోతుంది.

మొదటి లక్షణాలకీ మొదటి మాత్రకీ మధ్య ఎంత కాలం గడిస్తే ఫలితాలు అంత మందకొడిగా ఉంటాయని అనేక దేశాల అధ్యయనాలు చెబుతున్నాయి. ఇక్కడ కుటుంబ చరిత్ర రెండు వైపులా పనిచేస్తుంది. ముందే చూసిన ఇల్లైతే, కుర్రాడు నిద్ర మానేసి, తనలో తాను గొణుక్కోవడం మొదలెట్టగానే తల్లి గుర్తుపట్టి వారంలో ఆసుపత్రికి తీసుకురాగలదు. అదే ఇల్లు, పాత గాయం వల్ల, "ఇంకోసారి ఊళ్లో తలెత్తుకోలేం, చెల్లెలికి సంబంధాలు రావు" అని రెండేళ్లు దాచనూగలదు. జన్యువులు మారలేదు, ఆ రెండేళ్లు మారాయి.

తర్వాతిది మాత్రలు ఆగడం. 65 ప్రయోగాల్ని కలిపి 2012లో వచ్చిన విశ్లేషణ ప్రకారం, కుదుటపడ్డాక కూడా మందులు వాడినవాళ్లలో ఏడాదిలో 27 శాతం మందికి జబ్బు తిరగబెడితే, ఆపినవాళ్లలో 64 శాతం మందికి తిరగబెట్టింది. ఈ అంకెతో పోలిస్తే కుటుంబ చరిత్ర తెచ్చే తేడా ఎంత చిన్నదో తెలుస్తుంది. మాత్రలు ఆగేది కూడా ఎక్కువగా మొండితనం వల్ల కాదు. ఫిషింగ్ హార్బరులో మరబోటు ఎక్కితే పది, పదిహేను రోజులు సముద్రం మీదే. రాత్రిపూట మత్తిచ్చే మాత్ర వేసుకుని వల లాగడం కష్టం, కాబట్టి షీటు ఇంట్లోనే ఉండిపోతుంది. నైట్ షిఫ్టులు చేసేవాళ్లదీ ఇంచుమించు ఇదే ఇబ్బంది. నెలకోసారి వేసే ఇంజక్షన్ చాలామందికి ఈ చిక్కు తప్పిస్తుంది, అడిగితే డాక్టరు చెబుతాడు.

పెళ్లి దగ్గర ఇంకో రకం. పెళ్లిచూపులకి ముందు మాత్రలు ఆపిస్తారు, లావు తగ్గాలని కొంత, అవతలివాళ్ల కంట పడకూడదని కొంత. పెళ్లి హడావుడిలో నాలుగు రాత్రులు నిద్ర ఉండదు. అత్తారింట్లో మాత్ర వేసుకునే చాటు ఉండదు. నెలా రెండు నెలల్లో జబ్బు తిరగబెడుతుంది. అప్పుడు రెండు వైపులవాళ్లూ వంశాన్నే తిడతారు. మేనమామకి కూడా పెళ్లయ్యాకే ముదిరిందని ఎవరో గుర్తుచేస్తారు. ఒకే ఇంట్లో రెండు తరాల్లో జరిగింది ఒకటే పొరపాటు, అది వారసత్వంలాగా కనిపిస్తుంది. పెళ్లి చేస్తే తగ్గుతుందన్న నమ్మకానికి ఆధారం లేదు. దాచిపెట్టి చేసిన పెళ్లి మాత్రం చాలాసార్లు జబ్బుని తిరగబెట్టిస్తుంది, వచ్చిన పిల్లకి అన్యాయమూ చేస్తుంది.

ఇంటి మాట తీరు మీద లండన్‌లో జార్జ్ బ్రౌన్ బృందం 1972లో, ఆ తర్వాత వాన్, లెఫ్ 1976లో చేసిన పరిశోధనలు నేటికీ నిలబడ్డాయి. ఆసుపత్రి నుంచి ఇంటికెళ్లాక అస్తమానం విమర్శ, కోపం, ఊపిరాడనివ్వని అతిజాగ్రత్త ఉన్న ఇళ్లలో ఏడాదిలోపు దాదాపు సగం మందికి తిరగబెడితే, అవి లేని ఇళ్లలో అయిదో వంతు మందికే. 1980లలో చండీగఢ్‌లో ఇదే కొలతతో చూసినప్పుడు అలాంటి ఇళ్లు లండన్ కంటే బాగా తక్కువగా కనిపించాయి, పల్లెల్లో మరీ తక్కువ. ఇక్కడ జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి: ఇల్లు జబ్బుని పుట్టించదు. ఒంటరిగా, సాయం లేక, ఏళ్ల తరబడి చూసుకునే మనిషి అలిసిపోతే ఆ అలసటే విమర్శగా బయటికొస్తుంది. తల్లికీ కొడుక్కీ ఇద్దరికీ జబ్బున్న ఇంట్లో చూసుకునే చేతులు సగమవుతాయి, ఖర్చు రెట్టింపవుతుంది. వంశంలో ఉన్నవాళ్లకి ఫలితాలు కొంచెం తక్కువగా రావడంలో ఈ భారానికీ వాటా ఉండే వీలుంది. ఇంటిల్లిపాదికీ జబ్బు గురించి కూర్చోబెట్టి చెప్పే శిక్షణ ఇచ్చిన చోట తిరగబెట్టడం తగ్గిందని చాలా ప్రయోగాల్లో తేలింది. మన ఓపీల్లో రద్దీ వల్ల దానికి సమయం దొరకదు, ఇది నిజంగా పెద్ద లోటు.

గంజాయి గురించి విశాఖ పాఠకులకి పరిచయం అక్కర్లేదు. మన్యంలో సాగుని అరికట్టడానికి 2021లో పోలీసులు ఆపరేషన్ పరివర్తన పేరుతో వేల ఎకరాల్లో తోటలు కొట్టేశారు. స్వీడన్‌లో సైన్యంలో చేరడానికి వచ్చిన 45 వేలకి పైగా యువకుల్ని పదిహేనేళ్లు గమనించి 1987లో ప్రచురించిన అధ్యయనంలో, 50 సార్లకి మించి గంజాయి వాడినవాళ్లకి స్కిజోఫ్రెనియా ముప్పు ఆరు రెట్లు కనిపించింది. వంశంలో జబ్బున్న కుర్రాడు హాస్టల్లో సరదాకి మొదలెట్టినా అది అతని విషయంలో సరదా కాదు. ఒక ఊరట ఉంది: జబ్బు వచ్చాక గంజాయి పూర్తిగా మానేసినా, ఫలితాలు అసలు వాడనివాళ్ల ఫలితాలకి దగ్గరగా వస్తున్నాయి. మార్చగలిగిన వాటిలో ఇదొకటి.

## డాక్టరుకి ఏం చెప్పాలి?

"ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?" అన్న ప్రశ్నకి అవును, కాదు అన్న జవాబు పెద్దగా పనికిరాదు. ఎవరికి, ఏ వయసులో, ఎలా మొదలైంది, మధ్యలో పూర్తిగా బాగున్న రోజులున్నాయా, విపరీతమైన హుషారు లేదా దిగులు కనిపించేదా అన్నవి చెబితే అసలు అది స్కిజోఫ్రెనియానా, బైపోలారా అన్నది తేల్చడానికి పనికొస్తాయి. ఆ బంధువుకి ఏ మందు కుదిరింది, ఏది పడక మెడ, దవడ బిగుసుకుపోయాయి, ఏది వేశాక బాగా లావెక్కాడు అన్నవి కూడా చెప్పాలి. అవి ఈ రోగికీ అలాగే జరుగుతాయని కాదు, మొదటి మందు ఎంచుకునేటప్పుడు డాక్టరు వాటిని లెక్కలోకి తీసుకుంటాడు. ఇంట్లో ఆత్మహత్యలు జరిగి ఉంటే సిగ్గుపడి దాచకూడదు, రోగి భద్రతకి ఆ సమాచారం అన్నిటికంటే ముఖ్యం. షుగరు, గుండెజబ్బు చరిత్ర కూడా చెప్పాలి, ఎందుకంటే కొన్ని మందులు బరువునీ షుగరునీ పెంచుతాయి.

జబ్బు లేని తోబుట్టువులకి ముందుజాగ్రత్తగా మాత్రలు ఇవ్వరు. నిద్ర పూర్తిగా తప్పడం, కారణం లేని అనుమానాలు, చదువు ఒక్కసారిగా పడిపోవడం, స్నేహితుల్ని వదిలేసి గదిలో ఉండిపోవడం లాంటివి కొన్ని వారాలు సాగితే మాత్రం ఆలస్యం చేయకుండా సైకియాట్రిస్టుకి చూపించాలి. ఆసుపత్రిదాకా వెళ్లడానికి వెనకాడుతుంటే 14416 నంబరుకి ఫోను చేయొచ్చు. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ అనే ఈ ప్రభుత్వ సేవ ఉచితం, రోజంతా ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. రోగి గురించే కాదు, చూసుకుంటూ అలిసిపోయిన ఇంట్లోవాళ్లు తమ గురించి కూడా ఆ నంబరుకి చేయొచ్చు.